ఫిజిక్స్ చదవకుండా వచ్చి ఫిజిక్స్ గట్టెక్కిన నా అనుభవం

మొదటి టెస్టు పేపరు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందులో మూడో ప్రశ్న ఇది. ఒక బంతిని నిటారుగా పైకి విసిరారు. అది పైకి వెళ్తున్నప్పుడు, అన్నిటికంటే ఎత్తుకు చేరిన క్షణంలో, కిందికి వస్తున్నప్పుడు దాని మీద ఏయే బలాలు ఉంటాయో బాణాలతో చూపించండి. గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

నేను మొదటి బొమ్మలో పైకి పెద్ద బాణం, కిందికి చిన్న బాణం గీశాను. రెండో బొమ్మలో రెండూ సమానం. మూడో బొమ్మలో కిందిది పెద్దది. గీస్తున్నప్పుడు ఏ అనుమానమూ రాలేదు. పైకి వెళ్తున్న వస్తువును ఏదో ఒకటి పైకి తోస్తూనే ఉండాలి కదా, ఆ తోపు తగ్గేకొద్దీ నెమ్మదిస్తుంది, అయిపోగానే పడిపోతుంది. ఇంతకంటే సులువైన ప్రశ్న పేపర్లో లేదనుకున్నాను. మూడు బొమ్మలూ తప్పే. ఆ టెస్టులో నాకు 40కి 11 వచ్చాయి.

స్కూల్లో చివరి రెండేళ్లు నేను ఫిజిక్స్ తీసుకోలేదు. బయాలజీ ఇష్టం, అదే చదువుకుంటూ వచ్చాను. యూనివర్సిటీలో లైఫ్ సైన్సెస్‌లో చేరాక తెలిసింది, మొదటి ఏడాది రెండు సెమిస్టర్లూ ఫిజిక్స్ తప్పనిసరి అని. క్లాసులో సగం మందికి పైగా ఇంతకుముందే ఫిజిక్స్ చదివినవాళ్లు. లెక్చరర్ బోర్డు మీద ఒక లైను రాసి, "ఇది మీకు తెలిసిందే" అని తర్వాతి లైనుకు వెళ్లిపోయేవారు. నాకు ఆ తెలిసిందే తెలియదు. చెయ్యెత్తి అడగాలంటే ఇంతమందిని ఆపుతున్నానేమోనని మొహమాటం. రెండు వారాలు అలా గడిచేసరికి నోట్స్ నిండా నేను రాసుకున్నవే అయినా నాకు అర్థంకాని లైన్లు పేరుకుపోయాయి.

మొదటి నెల నేను చేసిందల్లా సూత్రాలు బట్టీ పట్టడమే. ఒక కాగితం మీద అన్నీ రాసుకున్నాను. లెక్క చదవగానే ఏ అక్షరాల విలువలు ఇచ్చారు, ఏ అక్షరం అడిగారు అని చూసి, వాటికి సరిపోయే సూత్రం వెతికేదాన్ని. హోంవర్కులో ఇది చాలాసార్లు పనిచేసింది కూడా. అందుకే నాకు వస్తోందని నమ్మాను. అంకెలు లేకుండా, బొమ్మ గీయమని అడిగిన ఒక్క ప్రశ్నతో అసలు సంగతి తెలిసింది.

టెస్టు తర్వాత ట్యుటోరియల్ తీసుకునే మేడం దగ్గరికి పేపరు పట్టుకుని వెళ్లాను. ఆవిడ నా బొమ్మలు చూసి ఏమీ అనలేదు. టేబుల్ మీదున్న పెన్ను తీసి పైకి విసిరి పట్టుకున్నారు. మళ్లీ విసిరారు.

"పెన్ను గాల్లో ఉన్నప్పుడు దాన్ని ముట్టుకుంటున్నది ఏమిటి?"

"గాలి తప్ప ఏదీ లేదు మేడం."

"గాలిని పక్కన పెట్టేద్దాం. ముట్టుకోకుండా లాగుతున్నది?"

"భూమి."

"మరి నువ్వు గీసిన ఈ పై బాణం ఎవరిది?"

"మీ చేతిది మేడం. మీరే కదా విసిరింది."

"నా చెయ్యి ఇక్కడుంది, పెన్ను అక్కడుంది. చెయ్యి తగిలినంతసేపే నా బలం. వదిలేశాక దాని దగ్గర మిగిలింది వేగం. నువ్వు వేగానికి బాణం గీసి దానికి బలం అని పేరు పెట్టావు."

నేను చాలాసేపు ఆ పెన్ను వైపే చూశాను. ఆవిడ ఒక పద్ధతి చెప్పారు. గీసిన ప్రతి బాణం పక్కనా రెండు పేర్లు రాయాలి, ఎవరు, ఎవరి మీద అని. భూమి, పెన్ను మీద. టేబుల్, పుస్తకం మీద. తాడు, బకెట్టు మీద. పేర్లు రాయలేకపోతే ఆ బాణం లేనట్టే, కొట్టేయాలి. ఫిజిక్స్‌లో నాకు దొరికిన మొదటి ఊతం ఇదే. ఇవాళ్టికీ ఫ్రీ బాడీ డయాగ్రమ్, అంటే ఒక వస్తువు మీదున్న బలాల బొమ్మ గీయాలంటే ముందు ఆ రెండు పేర్లే రాస్తాను.

ఇంకో మాట కూడా చెప్పారు, అది నాకు చాలా ధైర్యాన్నిచ్చింది. నేను గీసిన పై బాణం నా ఒక్కదానిదే కాదట. విసిరిన వస్తువును నడిపించేదేదో ఉండాలని అరిస్టాటిల్ అనుకున్నాడు. విసిరిన చెయ్యి వస్తువులోకి ఒక తోపును పంపిస్తుందని, అదే దాన్ని నడిపిస్తుందని 6వ శతాబ్దంలో ఫిలొపోనస్ అనే తత్వవేత్త అన్నాడు. 14వ శతాబ్దంలో బురిడాన్ అనే ఇంకో తత్వవేత్త ఆ ఆలోచనను ఇంకా పదును పెట్టాడు. అంత గొప్ప ఆలోచనాపరులు తరాల తరబడి తలబద్దలు కొట్టుకున్న విషయం అది. గెలీలియో వాలు బల్లల మీద గుండ్లు దొర్లించి కొలిచి, 1638లో తన లెక్కలు అచ్చు వేసి, 1687లో న్యూటన్ సూత్రాలు వచ్చేదాకా చిక్కు విడిపోలేదు. కదులుతున్నది కదులుతూ ఉండటానికి ఏ బలమూ అక్కర్లేదు, ఆ కదలిక మారడానికే బలం కావాలి. ఈ ఒక్క వాక్యానికి మనుషులకు అంతకాలం పట్టిందంటే నాకు ఒక నెల పట్టడం నేరమేమీ కాదనిపించింది.

అర్థమైనట్టే ఉంది కానీ ఒంటికి పట్టలేదు. లిఫ్టు లెక్కల దగ్గర మళ్లీ అదే తప్పు. 60 కిలోల మనిషి లిఫ్టులో బరువు చూసే మెషిన్ మీద నిలబడ్డాడు. లిఫ్టు పైకి వెళ్తూ, సెకనుకు 2 మీటర్లు పర్ సెకండ్ చొప్పున నెమ్మదిస్తోంది. మెషిన్ ఎంత చూపిస్తుంది? పైకి వెళ్తోంది కాబట్టి ఎక్కువ చూపించాలని నా మనసు గట్టిగా చెప్పింది. లెక్క మాత్రం తక్కువ అంటోంది. నిలకడగా ఉన్నప్పుడు 60 ఇంటూ 9.8 (భూమి లాగడం వల్ల వచ్చే త్వరణం, అంటే వేగం మారే రేటు), మొత్తం 588 న్యూటన్లు. పైకి వెళ్తూ నెమ్మదిస్తుంటే త్వరణం కిందికి ఉన్నట్టు, కాబట్టి 60 ఇంటూ 7.8, అంటే 468 న్యూటన్లే.

నాకు నమ్మకం కుదరలేదు. హాస్టల్లో ఒకరి దగ్గర ముల్లు తిరిగే పాత బరువు మెషిన్ ఉంటే అడిగి తీసుకుని, రాత్రి లిఫ్టు ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కాను. నా బరువు సరిగ్గా 60 కాదు కానీ దగ్గరే, లెక్కకు తేలికని 60 అనే రాస్తున్నాను. పై అంతస్తు బటన్ నొక్కాను. లిఫ్టు కదలగానే ముల్లు 65 దాకా ఎగిరింది. రెండు సెకన్లు కూడా కాలేదు, మళ్లీ 60కి వచ్చి కూర్చుంది. అక్కణ్ణుంచి నాలుగు అంతస్తులూ కదల్లేదు. నేను పైకి వెళ్తూనే ఉన్నాను, ముల్లు మాత్రం గదిలో నేల మీద ఎంత చూపించిందో అంతే చూపిస్తోంది. ఆగబోయే ముందు ఒక్కసారిగా 55కి జారి మళ్లీ 60కి వచ్చింది.

ఆ మధ్యలో కదలని ముల్లే నాకు పాఠం చెప్పింది. లిఫ్టు వెళ్తున్న దిక్కుకూ మెషిన్ చూపించేదానికీ సంబంధం లేదు. వేగం మారుతోందా లేదా అన్నదే దానికి కావాలి. నాలుగైదు సార్లు ఎక్కి దిగాను. కిందికి దిగుతూ ఆగేటప్పుడు ముల్లు పెరిగింది. గదికి వచ్చి లెక్క వేశాను. 60లో 5 కిలోల తేడా అంటే పన్నెండో వంతు, దాన్ని 9.8తో గుణిస్తే ఆ లిఫ్టు త్వరణం సుమారు 0.8 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్. పుస్తకంలో లేని ఒక అంకెను నేనే కనుక్కోవడం అదే మొదటిసారి. ఆ రాత్రి సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు.

నన్ను బాగా ఇబ్బంది పెట్టిన ఇంకో సంగతి మాటలు. దీని గురించి ఎవరూ ముందుగా హెచ్చరించలేదు, హెచ్చరించి ఉంటే బాగుండేది. ఇంట్లో బలం అన్నా శక్తి అన్నా ఒకటే. ఒంట్లో బలం లేదంటాం, శక్తి లేదంటాం, రెండూ నీరసమే. సామర్థ్యం అన్నా దాదాపు అదే అర్థం. ఫిజిక్స్‌లో ఈ మూడూ మూడు వేరే వస్తువులు. బలాన్ని న్యూటన్లలో కొలుస్తారు, శక్తిని జౌళ్లలో, సామర్థ్యాన్ని వాట్లలో. వడి, వేగం కూడా అంతే. మనకు రెండూ ఒకటే, అక్కడ మాత్రం వేగానికి దిక్కు ఉంటుంది, వడికి ఉండదు. గుండ్రంగా తిరిగే బండి వడి మారకపోయినా వేగం క్షణక్షణం మారుతూ ఉంటుంది, అందుకే దానికి త్వరణం ఉంది. ఈ ఒక్క తేడా పట్టుబడకపోతే వృత్తాకార చలనం అధ్యాయమంతా గందరగోళమే. బరువు, ద్రవ్యరాశి సంగతీ అదే.

అందుకని నోట్‌బుక్ చివరి పేజీల్లో ఒక పట్టిక మొదలుపెట్టాను. ఒక పక్క మాట, మధ్యలో రోజూ మనం వాడే అర్థం, మూడో పక్క ఫిజిక్స్ అర్థం, దాని యూనిట్. సెమిస్టర్ అయ్యేసరికి అందులో 30కి పైగా మాటలు చేరాయి.

వాటిలో నన్ను ఎక్కువ రోజులు వేధించింది 'పని'. బరువైన బ్యాగు చేత్తో పట్టుకుని పది నిమిషాలు కదలకుండా నిలబడితే, బ్యాగు మీద నేను చేసిన పని సున్నా. చెయ్యి లాగేస్తుంటే సున్నా ఏమిటని కోపం వచ్చింది. జవాబు నా సబ్జెక్టులోనే దొరికింది. కండరం బిగిసి ఉండాలంటే లోపల మయోసిన్ అనే ప్రోటీన్ పోగులు ఆక్టిన్ అనే ఇంకో ప్రోటీన్‌ను పట్టుకోవడం, లాగడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం ఆగకుండా జరుగుతూనే ఉండాలి. ప్రతిసారీ కణాలకు ఇంధనంలాంటి ఏటీపీ ఖర్చవుతుంది. ఆ శక్తి చివరికి ఒంట్లోనే వేడిగా మారుతుంది. అదే బ్యాగును ఒక కొక్కేనికి తగిలిస్తే కొక్కెం అలిసిపోదు. శక్తి ఖర్చు కావడం నిజం, అది బ్యాగుకు చేరకపోవడమూ నిజం. నాకు తెలిసిన బయాలజీకీ ఈ కొత్త సబ్జెక్టుకూ మొదటి వంతెన పడింది ఇక్కడే.

గణితం గురించి ఎక్కువ చెప్పను. నాకు కావాల్సి వచ్చింది తక్కువే. సైన్, కాస్, వర్గ సమీకరణాలు, గ్రాఫు వాలు చదవడం, వెక్టర్లను భాగాలుగా విడగొట్టడం. రెండు వారాంతాలు కూర్చుంటే చేతికొచ్చాయి. చిక్కల్లా ఎక్కడ సైన్ పెట్టాలి, ఎక్కడ కాస్ పెట్టాలి అన్న దగ్గరే. వాలు మీద ఉన్న దిమ్మె లెక్కలో ఎప్పుడూ తారుమారు చేసేదాన్ని. మా ముగ్గురి స్టడీ గ్రూపులో ఒక అమ్మాయి చిట్కా చెప్పింది. "వాలును పూర్తిగా పడుకోబెట్టి చూడవే" అంది. కోణం సున్నా అయితే బల్ల చదును. చదును బల్ల మీద దిమ్మె జారదు. సైన్ సున్నా అంటే సున్నా, కాబట్టి జారించే భాగానికి సైనే రావాలి. కోణం 90 చేస్తే బల్ల నిటారు, దిమ్మె నేరుగా పడిపోతుంది, సైన్ 90 అంటే 1, అదీ సరిపోయింది. బట్టీ పట్టాల్సిన అవసరమే లేకుండా పోయింది. అప్పటినుంచి ఏ జవాబు వచ్చినా ఇలా చివరిదాకా లాగి చూడటం అలవాటు చేసుకున్నాను. ద్రవ్యరాశి చాలా పెద్దదైతే ఏమవుతుంది, ఘర్షణ సున్నా అయితే ఏమవుతుంది?

యూనిట్లు కూడా మొదట్లో మార్కులు కోయడానికి పెట్టినవనుకున్నాను. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక 1999లో అంగారకుడి దగ్గరికి చేరీ నాశనమైందని, ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ ఫోర్స్ సెకండ్లలో ఇచ్చిన అంకెలను ఇంకో చోట న్యూటన్ సెకండ్లుగా తీసుకోవడమే కారణమని క్లాసులో చెప్పారు. రెండింటికీ తేడా 4.45 రెట్లు. ఆ మాట విన్న వారంలోనే లోలకం సూత్రం నేను తలకిందులుగా రాశాను, ఎల్ బై జీ బదులు జీ బై ఎల్ (ఎల్ అంటే పొడవు, జీ అంటే ఆ 9.8 గురుత్వ త్వరణం). యూనిట్లు కట్టి చూస్తే సెకండ్లు రావాల్సిన చోట 'పర్ సెకండ్' వచ్చింది. ఎవరూ చెప్పకుండా నా తప్పు నాకే దొరికింది.

లోలకం అంటే ల్యాబ్ గుర్తొస్తుంది. ఒక దారం, చివర లోహపు గుండు, స్టాప్‌వాచ్. 20 ఊగులకు పట్టే టైం కొలిచి, దాన్నిబట్టి జీ విలువ కనుక్కోవాలి. ఒక్క ఊగుకే కొలిస్తే బటన్ నొక్కడంలో పోయే 0.2 సెకండ్ల తేడా మొత్తం దాని మీదే పడుతుంది. ఇరవైకి కొలిస్తే ఒక్కో ఊగుకు 0.01 సెకండే. ఈ చిన్న తెలివి నాకు భలే నచ్చింది. నాకు 20 ఊగులకు 40.1 సెకండ్లు వచ్చింది. దారం పొడవు 98.5 సెంటీమీటర్లు. లెక్క కడితే జీ 9.67 తేలింది.

పక్క టేబుల్ వాళ్లకు 9.8 వచ్చింది. నా రీడింగు కొంచెం సర్దేస్తే సరిపోతుంది కదా అని చెయ్యి లాగింది. ల్యాబ్ సార్ వచ్చి చూసి, "టైం బాగానే తీశావు. అంకె మార్చకు, కారణం వెతుకు" అని వెళ్లిపోయారు. టైం మళ్లీ మూడుసార్లు తీశాను, మారలేదు. గుండును మరీ ఎక్కువ ఊపుతున్నానేమోనని కోణం తగ్గించాను. 10 డిగ్రీలు ఊపినా టైం పెరిగేది నూటికి 0.2 వంతే, కాబట్టి అదీ కాదు. చివరికి స్కేలు పట్టుకుని మళ్లీ కొలవబోతుంటే కనిపించింది. నేను దారాన్ని గుండు పైభాగం దాకానే కొలిచాను. కొలవాల్సింది గుండు మధ్య దాకా. గుండు వ్యాసార్థం 1.5 సెంటీమీటర్లు. పొడవు సరిగ్గా మీటరు. మళ్లీ లెక్క కడితే 9.82.

ఆ రోజు రికార్డులో రెండు అంకెలూ రాసి, మధ్యలో ఏం జరిగిందో కూడా రాశాను. పక్కవాళ్లను చూసి అంకె సర్దేసి ఉంటే ఆ 1.5 సెంటీమీటర్లు ఎప్పటికీ కనిపించేవి కావు.

శక్తి నిత్యత్వం, ద్రవ్యవేగం అధ్యాయాలు కాస్త సాఫీగా గడిచాయి. భ్రమణం కష్టమైంది, దాన్ని ఇప్పటికీ పూర్తిగా జీర్ణం చేసుకోలేదు. ద్రవాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం సొంతింటికి వచ్చినట్టనిపించింది. సాంద్రత, జీ, ఎత్తు గుణిస్తే పీడనం. ఈ చిన్న సూత్రంతో, నిలబడి ఉన్న మనిషి గుండెకూ పాదానికీ 1.3 మీటర్ల ఎత్తు తేడా అనుకుని రక్తం సాంద్రత పెట్టి లెక్క వేస్తే, పాదాల్లో పీడనం సుమారు 100 మిల్లీమీటర్ల పాదరసమంత ఎక్కువ ఉండాలని తేలింది. బీపీ చూసేటప్పుడు చెయ్యి గుండె ఎత్తులోనే ఎందుకు ఉంచమంటారో ఆ ఒక్క లైనుతో తెలిసిపోయింది. ఆ తర్వాత సన్నని గొట్టాల్లో ద్రవం పారే లెక్క. ప్రవాహం వ్యాసార్థం నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది, అంటే రక్తనాళం వ్యాసార్థం సగమైతే, పీడనం తేడా మారకుండా ఉంటే, ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. దీన్ని ప్రయోగాలు చేసి కనిపెట్టిన పోయిజెయ్ స్వతహాగా వైద్యుడు. లైఫ్ సైన్సెస్ వాళ్లకు ఫిజిక్స్ ఎందుకని సెమిస్టర్ మొదట్లో నేనే చాలాసార్లు అడిగాను. ఈ అధ్యాయం మొదటి వారంలోనే చెప్పి ఉంటే ఆ ప్రశ్న అడిగేదాన్ని కాదు. కోర్సు వరస మార్చే అవకాశం నాకుంటే మాలాంటి వాళ్లకు ద్రవాలతోనే మొదలుపెట్టిస్తాను.

చదివే తీరు కూడా దారిలో మారింది. పరిష్కరించిన లెక్క చదివితే అర్థమైనట్టే ఉంటుంది, అది ఎక్కువసార్లు నమ్మించి మోసం చేస్తుంది. అందుకే చదివాక పుస్తకం మూసి, ఖాళీ కాగితం మీద అదే లెక్క మొదటి నుంచి చేసేదాన్ని. ఆగిపోయిన చోట గీత పెట్టి, ఆ గీత దగ్గర ఏం తెలియక ఆగానో ఒక వాక్యం రాసేదాన్ని. మూడు రోజుల తర్వాత మళ్లీ అదే లెక్క. వారానికి ఇరవై లెక్కలు చేసేవాళ్లను చూస్తే టెన్షన్ వచ్చేది, నావి ఏడో ఎనిమిదో అయ్యేవి. కానీ ఆ ఏడెనిమిదిని ఎవరికైనా బొమ్మ గీసి చెప్పగలిగేదాన్ని. క్లాసులో చెయ్యెత్తడం కూడా ఆ రోజుల్లోనే మొదలుపెట్టాను. నేను అడిగినప్పుడల్లా పక్కన ఇద్దరు ముగ్గురు గబగబా రాసుకోవడం చూశాను, వాళ్లకూ ఆ సందేహం ఉందన్నమాట.

సెమిస్టర్ చివరి పరీక్షలో 100కి 68 వచ్చాయి. లిఫ్టు లెక్క వచ్చింది, కిందికి దిగుతూ ఆగేది.

రెండో సెమిస్టర్ విద్యుత్తుతో మొదలైంది. పట్టికలో మొదటి మాట 'కరెంటు'. మనకు కరెంటు పోవడం, కరెంటు రావడం, కరెంటు షాకు అన్నీ ఒకే మాట. ఫిజిక్స్‌లో కరెంటు అంటే ఒక చోటు నుంచి సెకనుకు ఎంత విద్యుత్ ఆవేశం (చార్జ్) దాటుతుందో అంతే. ల్యాబ్‌లో ఒకే రకం బల్బులు రెండింటిని వరసగా కలిపి ఇచ్చారు. స్విచ్ వేసే ముందే ఏం జరుగుతుందో రాయాలని ఇప్పుడు నాకు నేనే నియమం పెట్టుకున్నాను. బ్యాటరీకి దగ్గరగా ఉన్న బల్బు కొంత కరెంటు తినేస్తుంది, రెండోది మసకగా వెలుగుతుంది అని పెన్నుతో రాసి తేదీ వేశాను. స్విచ్ వేశాను. రెండూ ఒకేలా వెలిగాయి. రాసింది కొట్టేయకుండా కింద ఇంకో లైను రాశాను. రెండు బల్బుల గుండా వెళ్లే కరెంటు ఒకటే, తరిగేది ఇంకేదో, అదేమిటో వోల్ట్‌మీటర్ పెట్టి చూడాలి.